హిట్లర్ గెలిచినట్టు రాసిన నవల్లో హీరోయిన్‌కి మాయలెందుకు?

పాతపుస్తకం:
మా పద్నాలుగేళ్ళ అమ్మాయి చదివిందని నేనూ చదివా. హిట్లర్ యుద్ధం గెలిచేశాడు, నాజీల క్యాంపు నుంచి బయటపడ్డ యూదు అమ్మాయికి ముఖం మార్చుకునే శక్తి వస్తుంది, దాంతో వాడిని చంపడానికి వెళ్తుంది. ఒళ్ళు మండింది. 1943 ఏప్రిల్ 19న జర్మన్లు వార్సా ఘెట్టోలోకి, అంటే యూదుల్ని గోడ కట్టి బంధించిన పేటలోకి దిగితే, లోపలి యూదులు కాసిని పిస్టళ్ళు, పెట్రోలు సీసాలతో దాదాపు నెల రోజులు నిలబడ్డారు, నాయకుడు మొర్దెహై అనీలెవిచ్‌కి పాతికేళ్ళు కూడా లేవు. వాళ్ళకేం శక్తులున్నాయి?

నీలిసిరా:
ముఖం మారడం కల్పనే, కానీ దాని వెనకున్నది కల్పన కాదండీ. తోసియా ఆల్ట్‌మన్, ఫ్రుమ్కా ప్లోట్నిట్స్కా లాంటి యూదు అమ్మాయిలు రహస్యంగా కబుర్లు చేరవేసే కొరియర్లుగా, దొంగ కాగితాలతో, పోలిష్ క్రైస్తవుల్లా రైళ్ళెక్కి ఘెట్టోల మధ్య తిరిగారు. యాస పట్టుబడకూడదు, చర్చి ప్రార్థనలు నోటికి రావాలి. యూదు మగవాళ్ళయితే సున్తీ చూసి పట్టేస్తారు, అందుకే ఎక్కువగా అమ్మాయిలే వెళ్ళారు.

పాతపుస్తకం:
మరి వాళ్ళ కథే రాయొచ్చుగా!

రాత్రిబండి:
నాకు నచ్చింది. ఒక్క రాత్రిలో చదివేశా.

చుక్కగుర్తు:
నవల్లో ఖైదీల చేతి మీద నంబరు సంగతి ఎవరూ మాట్లాడరేం? ఏ క్యాంపులో ఉన్నా పచ్చబొట్టు పొడిచినట్టు రాశారు, అది తప్పు. పోలండ్‌లో నాజీలు నడిపిన ఆష్విట్జ్, దాని అనుబంధ క్యాంపుల్లోనే పొడిచారు. అక్కడ కూడా రైలు దిగగానే గ్యాస్ ఛాంబర్‌కి పంపినవాళ్ళకి నంబరే లేదు.

నీలిసిరా:
వాదన నంబరు గురించి కాదండీ.

చుక్కగుర్తు:
తప్పు తప్పే కదా. పిల్లలు అదే నిజం అనుకుంటారు.

పాతపుస్తకం:
నా బాధా అదే. "నాన్నా, శక్తి లేనివాళ్ళు ఊరికే చచ్చిపోయారా?" అని అడిగింది మా అమ్మాయి. ఆష్విట్జ్ ఫ్యాక్టరీలో అమ్మాయిలు గన్‌పౌడర్ కొంచెం కొంచెంగా బట్టల్లో దాచి తెస్తే రోజా రోబోటా దాన్ని శవాలు కాల్చే చోట పనిచేసే ఖైదీలకి చేర్చింది, 1944 అక్టోబర్ 7న వాళ్ళు తిరగబడ్డారు. నలుగురు అమ్మాయిల్ని జనవరిలో ఉరి తీశారు, ఇంకో మూడు వారాలకి క్యాంపుకి విముక్తి వచ్చింది. మూడే వారాలు! ఇవన్నీ మీలాంటివాళ్ళకి ఆనవు, మాయలు కావాలి.

నీలిసిరా:
మీలాంటివాళ్ళంటే ఎవరండీ? నేను హాస్టల్లో మూడేళ్ళు అసలు ఇంటిపేరు చెప్పకుండా బతికా. ఎవరైనా పాత పేరుతో పిలిస్తే తల తిప్పకుండా ఉండటం అలవాటు చేసుకున్నా. ఒకరోజు మా అమ్మ గేటు దగ్గర నుంచుని పిలిస్తే కూడా తిరగలేదు. ఆ నవల్లో పిల్ల తన అసలు ముఖం ఎలా ఉండేదో గుర్తు రాక అల్లాడే చోట పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నా. ఎవరు పోరాడారని మీరు అడుగుతున్నారు, ఇన్నేళ్ళు ఇంకొకరిలా బతికాక లోపల తను ఉంటుందా అని నేను అడుగుతున్నా.

రాత్రిబండి:
అక్కా 🙏

పాతపుస్తకం:
ఆ మాట అనకుండా ఉండాల్సింది, క్షమించండి. కానీ మా అమ్మాయి ప్రశ్న అలాగే ఉంది. ముందు వ్లాడ్కా మీడ్ జ్ఞాపకాలు ఇస్తా. అసలు పేరు ఫైగెలె పెల్టెల్, గోడ అవతల పోలిష్ అమ్మాయిగా తిరుగుతూ ఘెట్టోలోకి డైనమైట్ చేరవేసింది. వ్లాడ్కా అప్పుడు పెట్టుకున్న మారుపేరే, అమెరికా వెళ్ళాక కూడా అదే ఉంచేసుకుంది. ధైర్యానికి గుర్తుగా ఉంచుకుందనే అనుకున్నా ఇన్నాళ్ళూ.

నీలిసిరా:
ఇవ్వండి. ఎందుకు ఉంచుకుని ఉంటుందో మాత్రం మీరు చెప్పకండి, అమ్మాయినే అడగండి.