‘తుది నలోకంబగు’ అనా, ‘నాలోకంబగు’ అనా?

పాతపెట్టె: నాన్నగారి పాత డెస్క్‌టాప్‌లో లినక్స్ వేశాను. లోగో ఒక్క క్షణం మెరిసి తెరంతా నల్లబడిపోతోంది. డిస్కు గరగరలాడుతూనే ఉంది, క్యాప్స్ లాక్ నొక్కితే దీపం వెలుగుతోంది. రాత్రి పన్నెండింటికి ఆ తెర ముందు కూర్చుంటే గజేంద్ర మోక్షంలో ఏనుగు మొరపెట్టే పోతన గారి పద్యం నోట్లో ఆడింది: “లోకంబులు లోకేశులు / లోకస్థులు దెగిన తుది నాలోకంబగు పెం / జీకటి కవ్వల నెవ్వం / డేకాకృతి వెలుగు నతని నే సేవింతున్”. నాలోకమా, నలోకమా? ఊళ్లో పిల్లల కోసం రాస్తున్న గైడులో బ్లాక్ స్క్రీన్‌కి ‘పెంజీకటి’ (పెను చీకటి) అని శీర్షిక పెట్టాలనుంది.

కందాభిమాని: నలోకమే. ఇది కంద పద్యం, రెండో పాదం లెక్కపెట్టండి: లోకస్ / థులు దెగి / న తుది న / లోకం / బగు పెం. మొదటి పాదంలోని మూడు గణాలతో కలిపితే ‘న తుది న’ ఆరోది. ఆరో గణం నలమో (నాలుగు లఘువులు) జగణమో (లఘువు, గురువు, లఘువు) కావాలి, రెండూ నాలుగు మాత్రలే. ‘నా’ అంటే ఐదు మాత్రలవుతాయి.

తెనాలి పిన్ని: అర్థమూ కుదరదు బాబూ. ఆలోకం అంటే చూపు, వెలుగు. వెలుగైన చీకటి ఏమిటి? అలోకం, లోకాలు లేనిది. గైడులో ‘నల్ల తెర’ చాలు, పెంజీకటి ప్రళయం నాటి మాట.

పాతపెట్టె: లోక ధాతువుకు చూడటం అనే అర్థముంది కదండీ. అలోకం అంటే ‘కనిపించనిది’ అనుకుంటే? నా పెట్టె ఆగిపోలేదు, నాకు కనిపించలేదంతే. బూటవుతూండగా కెర్నల్ (లినక్స్ గుండెకాయ) తెర రిజల్యూషన్‌ను తనే మారుస్తుంది, అక్కడ గ్రాఫిక్స్ కార్డును నడిపే డ్రైవరు తడబడింది. గ్రబ్ మెనూలో (బూటయ్యే ముందు వచ్చే జాబితా) ‘ఇ’ (e) నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరస చివర నోమోడ్‌సెట్ (nomodeset, తెరను మార్చొద్దని కెర్నల్‌కు చెప్పే మాట) అని కలిపి ఎఫ్10 కొట్టాను. బొమ్మ వచ్చింది. అక్షరాలు లావుగా ఉన్నాయి, కిటికీ జరిపితే ఈడ్చుకుంటూ వస్తోంది.

ఓరుగల్లు: నోమోడ్‌సెట్‌తోనే ఉండిపోకండి, అది లోపలికి వెళ్లడానికే. టెర్మినల్‌లో ఎల్ఎస్‌పీసీఐ పక్కన హైఫన్, కె (lspci -k) కొట్టి ఏ డ్రైవరు నడుస్తోందో చూడండి. జీఫోర్స్ 8400 జీఎస్ తరం కార్డయితే ఎన్‌విడియా సొంత డ్రైవరు 340 వరసతో ఆగింది, ఆఖరుది 2019లో వచ్చిన 340.108. కొత్త కెర్నళ్ల మీద ప్యాచ్ లేనిదే ఎక్కదు, లినక్స్‌లోనే ఉండే స్వేచ్ఛా డ్రైవరు నూవో (nouveau)తోనే సర్దుకోవాలి. ఇక పద్యం: లోకంబులు, లోకేశులు, లోకస్థులు అని మూడుసార్లు ఒకే అర్థంలో వాడి నాలుగోసారి మారుస్తాడా?

పాతపెట్టె: మారుస్తాడండీ. అదే ఘట్టంలో “కలఁడు కలం డనెడివాఁడు కలఁడో లేఁడో” చూడండి. అంతవరకూ నమ్మకంగా పలికిన ‘కలడు’, చివరికొచ్చేసరికి వణికిపోతుంది. ఆ ఒక్క పాదానికే నేను ఆయన్ని వదల్లేను.

ఓరుగల్లు: వణికింది ఏనుగు గొంతు. ‘కలడు’కి అర్థం మారలేదుగా!

కందాభిమాని: అసలు తగవు ఏకాకృతి దగ్గర. పాడేవాళ్లు ‘ఎవ్వండే’ అని ఆగి ‘కాకృతి’ అంటున్నారు. మూడో పాదం ‘నెవ్వం’తో ముగుస్తుంది, నాలుగోది ‘డేకాకృతి’. ఆ ఏకారానికి ‘అతని నే’తో యతి (పాదం మొదటి అక్షరానికీ మధ్యలో అక్షరానికీ ఉండాల్సిన పొంతన). కాబట్టి అది ‘నే’ కాదు, అతనిన్ + ఏ (ఏను, అంటే నేను).

తెనాలి పిన్ని: మా నాన్నగారు ‘నేను సేవిస్తాను’ అనే చెప్పేవారు. ఏను అన్నా నేను అన్నా అర్థం ఒకటేగా?

కందాభిమాని: అర్థం ఒకటే పిన్నిగారూ, యతి ఒకటి కాదు.

పాతపెట్టె: ఎల్ఎస్‌పీసీఐలో నూవో కనిపించింది. మరి శీర్షిక?