అమ్మ ముఖం తీసుకోవట్లేదు, లైఫ్ సర్టిఫికెట్ ఎలా?

సుధ_2: పొద్దున్న తొమ్మిదింటి నుంచి ఇదే పని. అమ్మ పెన్షన్ ఆగకుండా, బతికే ఉందని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ ఫోన్లోనే ఇచ్చేద్దామని కూర్చున్నా. ముఖం చూపించిన ప్రతిసారీ ‘సరిపోలలేదు’ అంటోంది. కిటికీ దగ్గర, ట్యూబ్‌లైటు కింద, కళ్లజోడుతో, కళ్లజోడు తీసి... పన్నెండు సార్లయింది. అమ్మ విసిగిపోయి, ‘నేను బతికున్నానని నీకు తెలుసుగా, చాలు’ అని వెళ్లి పడుకుంది. నవంబర్ 30 గడువు దగ్గరపడింది. ఒకటే టెన్షన్.

మాజీ_గుమస్తా: ముందు అది ఏ యాపో చెప్పండి. నవంబర్ వస్తే చాలు, ‘మీ పెన్షన్ ఆగిపోతుంది, ఓటీపీ చెప్పండి’ అంటూ పెద్దవాళ్లకు దొంగ ఫోన్లు మొదలవుతాయి. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టాలి. ఆలస్యం చేస్తే అది నాలుగు ఖాతాలు మారిపోతుంది. మా వీధిలో అందరి చేతా ఆ నంబరు గోడ మీద రాయించాను.

సుధ_2: యాప్ ప్లేస్టోర్ నుంచే వేశానండీ. నేనడిగింది అది కాదు.

గోదారి_గట్టు: పోస్ట్‌మ్యాన్‌ని పిలవండి. వేలిముద్ర వేయిస్తాడు.

సుధ_2: అమ్మ వేళ్ల గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. ఒకసారి పది వేళ్లూ పెట్టి చూసింది, ఒక్కటీ పలకలేదు. అందుకే ఈ పాట్లు.

తెలుగు_పట్టు: ‘లైఫ్ సర్టిఫికెట్’ ఏమిటండీ? జీవన ప్రమాణ పత్రం అనొచ్చుగా.

మాజీ_గుమస్తా: మనకు జీవన ప్రమాణం అంటే బతుకు స్థాయి. ప్రమాణ్ అంటే రుజువు అనేది హిందీలో. 2014లో పథకానికి ఆ పేరే పెట్టారు, మనకు తికమక మిగిలింది.

మల్లెపందిరి: సుధ గారూ, రెండు యాప్‌లూ ఉన్నాయా? సర్టిఫికెట్ ఇచ్చే జీవన్ ప్రమాణ్ ఒకటి, ముఖాన్ని ఆధార్‌తో పోల్చే ఆధార్ ఫేస్ ఆర్‌డీ ఒకటి. రెండోది వెనకాల పనిచేస్తుంది, విడిగా తెరవక్కర్లేదు. ఇంతకీ ఏ పేజీలో ఆగింది? ‘ఆపరేటర్’ అని ఉందా?

సుధ_2: రెండూ ఉన్నాయి. ఆపరేటర్ అనే ఉంది. ఫోన్ నాది కదా అని అక్కడ నా ఆధార్ ఇచ్చా.

మల్లెపందిరి: మీ ఆధార్ ఇచ్చి అమ్మగారి ముఖం చూపిస్తే ఎలా కలుస్తుంది? ఆపరేటర్ మీరు, అక్కడ మీ ముఖమే చూపించండి. తర్వాత పెన్షనర్ పేజీలో ఆవిడ ఆధార్, ఆవిడ ముఖం. కళ్లు ఒకసారి ఆర్పమనండి. పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం) నంబరు, పెన్షన్ పడే ఖాతా నంబరు పక్కన పెట్టుకోండి. నాన్నగారి తర్వాత వస్తున్నదైతే ‘ఫ్యామిలీ’ అని ఎంచుకోవాలి, ‘సర్వీస్’ కాదు.

మాజీ_గుమస్తా: అసలు ఏ పెన్షనో చెప్పనేలేదు. ఈపీఎఫ్ (ప్రావిడెంట్ ఫండ్) పెన్షన్ అయితే నవంబరే అక్కర్లేదు, ఎప్పుడిచ్చినా అప్పట్నుంచి ఏడాది చెల్లుతుంది. కేంద్ర పెన్షనర్లలో ఎనభై దాటినవాళ్లు అక్టోబర్ 1 నుంచే ఇవ్వొచ్చు.

తెలుగు_పట్టు: అయితే ‘బతుకు రుజువు’ అందాం.

గోదారి_గట్టు: అనండి.

సుధ_2: ఫ్యామిలీ పెన్షనే. అమ్మని లేపి చూపించా, ఒక్కసారికే అయిపోయింది. ప్రమాణ్ ఐడీ మెసేజ్ కూడా వచ్చింది. థాంక్సండీ.

మల్లెపందిరి: ఐడీ వస్తే సగమే అయినట్టు. బ్యాంకు ఒప్పుకుందో లేదో నాలుగు రోజులాగి చూసుకోండి.

మాజీ_గుమస్తా: ఈలోపు ఎవరైనా ఫోన్ చేసి ఆ ఐడీ అడిగితే చెప్పకండి.