2 టెస్టుల భరత్ అరుణ్, 619 వికెట్ల కుంబ్లే: అనంతపురం పిల్లలకి ఎట్లాంటి కోచ్ కావాల?

పెన్నా_గట్టు: అనంతపురంలో పిల్లోల్ని క్రికెట్ అకాడమీలో చేర్చేటప్పుడు బౌలింగ్ కోచ్ అనగానే మనోళ్లు అడిగే మొదటి మాట "సార్ ఇండియాకి ఆడినాడా?" విజయవాడలో పుట్టి తమిళనాడుకి ఆడిన భరత్ అరుణ్‌నే తీసుకోండి. 2 టెస్టులు, 4 వికెట్లు, 4 వన్డేలు. అంతటితో సరి. అయినా 2012 అండర్-19 ప్రపంచకప్ గెలిచిన జట్టుకి కోచ్ ఆయనే. 2018-19, 2020-21లో ఆస్ట్రేలియా గడ్డమీద సిరీస్ గెలిచినప్పుడు బౌలింగ్ కోచ్ కూడా ఆయనే.

గుత్తికోట: బుమ్రా, షమీ ఉంటే ఎవురైనా గొప్ప కోచే. కుంబ్లే కోచ్‌గా ఉన్న ఏడాదిలో ఇండియా 17 టెస్టులాడి 12 గెలిచింది, ఓడింది పుణెలో ఒక్కటే. ఢిల్లీలో ఒకే ఇన్నింగ్స్‌లో 10 వికెట్లు తీసినాయన చెప్తే పిల్లోడు నోరెత్తకుండా వింటాడు. 4 వికెట్లాయన చెప్తే?

పెన్నా_గట్టు: పిల్లోడి మాట దేవుడెరుగు, కెప్టెన్ కోహ్లీనే వినలేదు కదప్పా! తన పద్ధతి కెప్టెన్‌కి పడలేదని బోర్డు చెప్పిందని కుంబ్లేనే రాసి 2017 జూన్‌లో తప్పుకున్నాడు. తర్వాత పంజాబ్‌కి మూడు ఐపీఎల్ సీజన్లు కోచ్, మూడుసార్లూ 6వ స్థానమే. అరుణ్ హైదరాబాద్ కోచ్‌గా ఉన్న 2016-17 రంజీలో సిరాజ్ 41 వికెట్లు తీసినాడు. అప్పటికి సిరాజ్ ఎవురికి తెలుసు?

కడప_దర్వాజా: కోహ్లీ గొడవ మళ్లా తవ్వొద్దు సామీ.

సైడాన్_రెడ్డి: ఇద్దరూ స్కోరుబోర్డే చదువుతాండారు. 14 ఏళ్ల పిల్లోడికి కోచ్ చూడాల్సింది మిక్స్‌డ్ యాక్షన్, అంటే నడుము ఒకవైపు, భుజాలు ఇంకోవైపు తిరిగే బౌలింగ్, ఉందా లేదా. ఫోన్ స్లోమోషన్‌లో పెట్టి అంపైర్ వెనకనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి తీయండి. వెనక కాలు పడిన క్షణంలో ఆపి చూడండి. నడుము బ్యాటర్ వైపుకి తెరుచుకుని, భుజాలు పక్కకి తిరిగి ఉంటే నడుం మెలిపడుతుంది. కుడిచేతి బౌలర్‌కి ఎడమవైపు కింది వెన్నుపూసలో బీట పడేది ఇట్లే. పాదం ఎట్లా పడుతుందో దాన్ని బట్టి భుజాల్ని నడుముకి కలపాల. ముందు నిలబడి బంతి వేయించాల, తర్వాత మూడడుగులతో, ఆ తర్వాతే పూర్తి రనప్. మ్యాచ్‌ల సీజన్‌లో యాక్షన్ జోలికి పోతే పేస్ పోతుంది, లైనూ పోతుంది. 14, 15 ఏళ్ల పేస్ బౌలర్లకి ఇంగ్లండ్ బోర్డు పెట్టిన హద్దు స్పెల్‌కి 6 ఓవర్లు, రోజుకి 12. మన నెట్స్‌లో పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట వేయిస్తారు, లెక్క రాసేవాడే ఉండడు.

గుత్తికోట: వీడియో తీసేదానికి ఫోన్ ఉంటే చాలు, కోచ్ ఎందుకు? నా ప్రశ్నకి జవాబు రాలా. 4 వికెట్లు.

పెన్నా_గట్టు: ఆ 4 వికెట్లాయన బౌలర్లే 2020 మెల్‌బోర్న్ టెస్టులో ఆస్ట్రేలియా బ్యాటర్ స్మిత్‌ని లెగ్‌సైడ్ ఉచ్చులో పడేసినారు. మొదటి ఇన్నింగ్స్‌లో అశ్విన్ బంతికి లెగ్ స్లిప్‌లో పుజారా క్యాచ్, రెండోసారి బుమ్రా కాళ్ల వెనకనుంచి బౌల్డ్. వికెట్లకి సూటిగా వేసి లెగ్‌సైడ్ ఫీల్డ్ పెట్టే ప్లాన్ అది. చదివి రాయి.

గుత్తికోట: చదువుకున్నోళ్లు మీరే లేప్పా. మెల్‌బోర్న్ మాకెందుకు? ఉరవకొండ, కళ్యాణదుర్గం పక్క పల్లెలోడికి జిల్లా అండర్-16 ప్రాబబుల్స్‌లో, అంటే టీం ఎంపికకి ముందు వేసే లిస్టులో, పేరు రావాల. ఆడ పేరున్న కోచ్ ఒక ఫోన్ కొడితే పని అయితాది. కూలి చేసి ఫీజు కట్టేవాళ్లు కొనేది ఆ ఫోనునే.

పెన్నా_గట్టు: అట్ల చెప్పు మరి. నీకు కావాల్సింది కోచ్ కాదు, సిఫార్సు.

గుత్తికోట: అవును, సిఫార్సే. టౌన్ పిల్లోళ్లకి అది ఇంట్లోనే ఉంటాది కాబట్టి మీకు టెక్నిక్ గురించి మాట్లాడే తీరిక.

సైడాన్_రెడ్డి: ఫోన్‌తో టీంలోకి పోయిన పిల్లోడు మిక్స్‌డ్ యాక్షన్‌తో రోజుకి 20 ఓవర్లేస్తే వెన్ను నిలబడదు. అప్పుడు ఎవురికి ఫోన్ చేస్తావు?

గుత్తికోట: లిస్టులో పేరే లేనోడికి వెన్ను బాగుంటే ఎంత, లేకుంటే ఎంత?

కడప_దర్వాజా: ఇంతకీ అకాడమీ ఫీజెంతో ఎవురన్నా చెప్తారా?