ఇంగ్లండ్‌లో కౌన్సిల్ ఎక్స్‌ట్రా కేర్ ఫ్లాట్ల గురించి తెలిసినవాళ్లున్నారా?

మా పిన్ని ఇంగ్లండ్‌లోనే ఉంటుంది, అక్కడి సిటిజనే, బాబాయి పోయాక ఒంటరిదైపోయింది. మోకాళ్లు సహకరించట్లేదు కానీ కేర్ హోమ్ అంటే ససేమిరా అంటోంది, అందుకే కౌన్సిల్ (అక్కడి స్థానిక ప్రభుత్వం) వాళ్ల ఎక్స్‌ట్రా కేర్ ఫ్లాట్ చూస్తున్నాం, సొంత తాళం, సొంత వంటిల్లు, అదే బిల్డింగ్‌లో కేర్ స్టాఫ్. ముందు కేర్ నీడ్స్ అసెస్‌మెంట్ (తనకి ఎంత సాయం కావాలో కౌన్సిల్ వేసే అంచనా) చేయించాలని తెలుసు. పొదుపు 23,250 పౌండ్లు దాటితే కేర్ ఖర్చు మనదేనట. మరి ఇప్పుడున్న ఇల్లు అమ్మితే వచ్చే డబ్బూ లెక్కలోకి వస్తుందా? అద్దె, సర్వీస్ చార్జి కాక నెలనెలా ఇంకేం కట్టాలి? అటెండెన్స్ అలవెన్స్‌కి (సాయం అవసరమైన పెద్దవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే భత్యం) ఆస్తితో పనిలేదు కాబట్టి అది ముందే అప్లై చేసేయమంటారా? ఇంకోటి, పిన్ని పక్కా శాకాహారి. అక్కడి డైనింగ్ హాల్లో సాంబారు ఆశించట్లేదు లెండి, కనీసం తన ఫ్లాట్లో పోపు పెట్టుకుంటే ఫైర్ అలారం గోల ఉండదు కదా?