షహీద్‌గంజ్ తీర్పు మూట్ కోర్టులో ఎట్ల వాడాలి?

ప్రశ్న: హన్మకొండలో మూట్ (లా విద్యార్థుల నమూనా కోర్టు పోటీ) ఉంది, నాది ప్రతివాది పక్షం. ప్రార్థనా స్థలం మీద ఏండ్ల తరబడి స్వాధీనం అనేది వాదన. లాహోర్ షహీద్‌గంజ్ గురుద్వారా కేసు చూడమంటున్నరు. 1935లో పాత మసీదు కట్టడాన్ని కూల్చినంక కూడా సిక్కుల పక్షం ఎట్ల గెలిచింది? మసీదుకు చట్టపరమైన వ్యక్తిత్వం (తన పేరు మీదే హక్కులు, దావాలు ఉండే హోదా) లేదని తీర్పులో ఉందా?

జవాబు 1: తమ్మీ, ముందు తేదీలు వరుసగా రాసుకో. 1722లో ఫలక్ బేగ్ ఖాన్ ఆ మసీదును వక్ఫ్ (మతపరమైన శాశ్వత దానం) చేసిండు. 1762 నుంచి సిక్కుల స్వాధీనం. 1849లో పంజాబ్ బ్రిటిష్ వాళ్ల చేతికొచ్చింది. ముతవల్లీ (వక్ఫ్ చూసుకునేటాయన) వారసుడు నూర్ అహ్మద్ 1850లలోనే కోర్టుకెక్కి ఓడిపోయిండు. 1935 జులైలో కూల్చివేత, అక్టోబర్ 30న దావా.

అందరూ పొరపడేది ఇక్కడే. గడువు లెక్క మొదలయ్యేది కూల్చిన రోజు నుంచి కాదు, స్వాధీనం పోయిన రోజు నుంచి. 1908 కాలపరిమితి చట్టం 144వ ఆర్టికల్ ఇచ్చేది 12 ఏండ్లు. అది దాటితే దావాయే కాదు, 28వ సెక్షన్ కింద హక్కే పోతది. లాహోర్ హైకోర్టు 1938లో, లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ (అప్పటి చివరి అప్పీలు కోర్టు) 1940 మే 2న ఇదే ఖాయం చేసినయి. ఏఐఆర్ (ఆలిండియా రిపోర్టర్) 1940 ప్రివీ కౌన్సిల్ 116 అని సైటేషన్ (తీర్పు ఎక్కడ అచ్చయిందో చెప్పే గుర్తు) రాయి.

జవాబు 2: వ్యక్తిత్వం సంగతి చాలా జాగ్రత్తగా చెప్పాలె. ఆ దావాలో మొదటి వాది మసీదే. మసీదు కృత్రిమ వ్యక్తిగా దావా వేయడం కుదరదు, దాని మీద వేయడమూ కుదరదు అని మాత్రమే కోర్టు అన్నది. ఏ అవసరానికైనా చట్టపరమైన వ్యక్తి అవుతదా అనే ప్రశ్నను తేల్చకుండా వదిలేసింది. "కానే కాదు" అన్నవంటే ఎదుటి పక్షం తీర్పు తెరిచి చదివి వినిపిస్తది. దానికంటే నీకు పనికొచ్చే మాట ఇంకోటుంది: ఆస్తి హక్కు పోయినంక నమాజు చేసుకునే హక్కు విడిగా మిగలదన్నరు. దాని మీద గట్టిగా నిలబడు.

జవాబు 3: ఇప్పటి చట్టం కూడా జోడించు. 144 స్థానంలో 1963 చట్టం 65వ ఆర్టికల్ వచ్చింది, గడువు అదే 12 ఏండ్లు. కానీ 1995 వక్ఫ్ చట్టం 107వ సెక్షన్ వక్ఫ్ ఆస్తులకు కాలపరిమితి లేదన్నది, 2025 సవరణ ఆ సెక్షన్‌నే తీసేసింది. మీ మూట్ ప్రాబ్లంలో ఏ సంవత్సరం ఇచ్చిన్రో ముందు చూడు, వాదన దాన్ని బట్టే మారుతది. ప్రివీ కౌన్సిల్ మాటను సుప్రీంకోర్టు 1994లో ఇస్మాయిల్ ఫారూఖీ (అయోధ్య భూసేకరణ) కేసులో వాడుకుంది, అదీ పెట్టు.

ఇంకోటి, లాహోర్ లండా బజార్ దగ్గర షహీద్‌గంజ్ పేరుతో రెండు గురుద్వారాలున్నయి. కేసు 1745లో ప్రాణమిచ్చిన భాయీ తారూ సింగ్ పేరిట ఉన్న చోటిది. సింగ్ సింఘనియాఁ గురుద్వారా వేరే, మెమోరియల్‌లో (రాతపూర్వక వాదనలో) రెండూ కలపకు.