సింపుల్‌ఫారమ్‌కంట్రోలర్ నుంచి అనొటేషన్లకు మారాక, ఎడిట్ ఫారమ్ సేవ్ చేస్తే కొన్ని కాలమ్‌లు నల్ అవుతున్నాయి

కృష్ణాతీరం (ప్రశ్న)

మిత్రులకు నమస్కారం. ఒక సంఘం సభ్యుల వివరాలను నిర్వహించే పాత స్ప్రింగ్ (జావా ఫ్రేమ్‌వర్క్) వెబ్ అప్లికేషన్‌ను కొత్త వెర్షన్‌కు మారుస్తున్నాను. ఇందులోని ఫారమ్‌లన్నీ సింపుల్‌ఫారమ్‌కంట్రోలర్ మీద ఆధారపడి ఉన్నాయి. ఆ క్లాస్‌ను స్ప్రింగ్ 3.0లోనే డెప్రికేట్ చేసి (ఇకపై వాడవద్దని సూచించి), 4.0లో పూర్తిగా తొలగించారు కాబట్టి, వాటిని ఒక్కొక్కటిగా అనొటేషన్ కంట్రోలర్లుగా తిరగరాస్తున్నాను. పేజీలు జేఎస్‌పీలో ఉన్నాయి, డేటాబేస్ పని హైబర్నేట్ చూస్తుంది.

సభ్యుని వివరాలు సవరించే ఫారమ్ దగ్గర పని ఆగిపోయింది. గెట్ మెథడ్‌లో (పేజీ తెరిచినప్పుడు నడిచేది) ఐడీ ఆధారంగా సభ్యుని రికార్డు తెచ్చి మోడల్‌లో పెడుతున్నాను, ఫారమ్ సరిగ్గానే నిండి కనిపిస్తోంది. పోస్ట్ మెథడ్‌లో (సేవ్ నొక్కినప్పుడు నడిచేది) మోడల్‌అట్రిబ్యూట్‌గా, అంటే ఫారమ్ విలువలతో నిండి, వచ్చిన మెంబర్ ఆబ్జెక్టును నేరుగా మెర్జ్ (హైబర్నేట్ ద్వారా సేవ్) చేస్తున్నాను. పేరు, చిరునామా సక్రమంగా మారుతున్నాయి కానీ, ఫారమ్‌లో లేని చేరిన తేదీ, ఫొటో ఫైలు పేరు మాత్రం డేటాబేస్‌లో నల్ (విలువ లేని ఖాళీ) అయిపోతున్నాయి. పాత కంట్రోలర్‌లో ఇలా ఎన్నడూ జరగలేదు.

దీనికి తోడు, పుట్టిన తేదీని తప్పుగా టైప్ చేస్తే ఆ గడి పక్కన సందేశం రావలసింది పోయి 400 ఎర్రర్ పేజీ వస్తోంది. తేదీ సరిగ్గా ఉంటే ఏ ఇబ్బందీ లేదు. పోస్ట్ మెథడ్‌కు ఆర్గ్యుమెంట్లు మెంబర్, మోడల్, బైండింగ్‌రిజల్ట్ (ఫారమ్ విలువల్లోని తప్పులు ఉండే ఆబ్జెక్టు) అనే వరుసలో ఉన్నాయి. వాలిడేటర్ తప్పు పట్టి ఫారమ్‌ను మళ్లీ చూపినప్పుడు జిల్లాల డ్రాప్‌డౌన్ ఖాళీగా కనిపిస్తోంది.

నల్ అవుతున్న రెండు ఫీల్డులనూ హిడెన్ ఇన్‌పుట్‌లుగా పేజీలో పెడితే అవి నిలుస్తున్నాయి. అది సరైన పద్ధతేనా?

పాతసర్వ్‌లెట్

మీరు గెట్‌లో తెచ్చిన మెంబర్, పోస్ట్‌లో మీ చేతికి వచ్చిన మెంబర్ ఒకే ఆబ్జెక్టు కావు. పేజీ బ్రౌజర్‌కు చేరేసరికి మొదటిదాని పని ముగిసిపోతుంది. పోస్ట్ వచ్చినప్పుడు, ఆ పేరుతో మోడల్‌లో గానీ సెషన్‌లో గానీ ఏదీ లేకపోతే, స్ప్రింగ్ డిఫాల్ట్ కన్‌స్ట్రక్టర్‌తో కొత్త మెంబర్‌ను సృష్టించి, రిక్వెస్ట్‌లో వచ్చిన పారామీటర్లను మాత్రమే అందులో నింపుతుంది. చేరిన తేదీ రిక్వెస్ట్‌లో లేదు కాబట్టి అది నల్‌గానే ఉంటుంది. మెర్జ్ ఆ ఆబ్జెక్టు స్థితిని నల్‌లతో సహా డేటాబేస్ రికార్డు మీదకు కాపీ చేస్తుంది.

పాత కంట్రోలర్‌లో ఇలా జరగకపోవడానికి కారణం ఫారమ్‌బ్యాకింగ్‌ఆబ్జెక్ట్ మెథడ్. సెషన్‌ఫారమ్ (ఆబ్జెక్టును సెషన్‌లో దాచే సెట్టింగ్) ఫాల్స్‌గా ఉన్నంతవరకు ఆ మెథడ్ ఫారమ్ చూపేటప్పుడే కాక, సబ్మిట్ అయినప్పుడు కూడా నడిచేది. అంటే రికార్డు మళ్లీ డేటాబేస్ నుంచి వచ్చి, దాని మీదే బైండింగ్ (ఫారమ్ విలువలను ఆబ్జెక్టులో నింపడం) జరిగేది. మీరు ఆ మెథడ్‌లోని కోడ్‌ను గెట్‌కు మాత్రమే తరలించినట్టున్నారు. దాన్ని మోడల్‌అట్రిబ్యూట్ అనొటేషన్ ఉన్న విడి మెథడ్‌గా రాసి, ఐడీ పారామీటర్ ఉంటే రికార్డు తెచ్చేలా, లేకుంటే కొత్త మెంబర్ ఇచ్చేలా చేయండి. ఆ మెథడ్ ఆ కంట్రోలర్‌లోని ప్రతి హ్యాండ్లర్‌కూ ముందు నడుస్తుంది కాబట్టి, సభ్యుల జాబితా పేజీని వేరే కంట్రోలర్‌లో ఉంచడం మంచిది. అనొటేషన్‌లో ఇచ్చిన పేరు, జేఎస్‌పీ ఫారమ్ ట్యాగ్‌లోని పేరు ఒకటే కావాలి. పాత పేజీలలో డిఫాల్ట్‌గా కమాండ్ అనే పేరు ఉంటుంది, అనొటేషన్ల పద్ధతిలో డిఫాల్ట్ పేరు క్లాస్ పేరు నుంచి వస్తుంది.

జిల్లాల జాబితా కథ కూడా ఇదే. పాత కోడ్‌లో రెఫరెన్స్‌డేటా మెథడ్ ఫారమ్‌ను చూపిన ప్రతిసారీ నడిచేది. దానినీ మరొక మోడల్‌అట్రిబ్యూట్ మెథడ్‌గా మార్చితే, తప్పుతో తిరిగి వచ్చిన పేజీలో కూడా డ్రాప్‌డౌన్ నిండుతుంది.

తేదీలపని

400 పేజీ గురించి: బైండింగ్‌రిజల్ట్ తప్పనిసరిగా మెంబర్ ఆర్గ్యుమెంట్‌కు వెంటనే తర్వాత ఉండాలి. మధ్యలో మోడల్ ఉండటం వల్ల, తప్పులను మీరే చూసుకుంటారని స్ప్రింగ్‌కు తెలియక అది ఎక్సెప్షన్ విసురుతోంది. తప్పు లేనప్పుడు ఏ ఇబ్బందీ కనిపించకపోవడమే ఇందులోని చిక్కు, అందుకే ఇది పరీక్షల్లో తప్పించుకుంటుంది. వరుస మార్చాక గడి పక్కన పొడవాటి ఇంగ్లీషు సందేశం కనిపిస్తుంది. మెసేజ్ ఫైలులో టైప్‌మిస్‌మ్యాచ్ కోడ్‌కు ఫీల్డు పేరు జోడించి మీ వాక్యం రాసుకోండి.

ఇనిట్‌బైండర్‌లో (బైండింగ్ నియమాలు పెట్టే మెథడ్) కస్టమ్‌డేట్‌ఎడిటర్ వాడుతుంటే, సింపుల్‌డేట్‌ఫార్మాట్ మీద సెట్‌లీనియెంట్ ఫాల్స్ చేయడం మరవకండి. లేకుంటే 31-02-2015 అని టైప్ చేసినా తప్పు పట్టకుండా దాన్ని మార్చి 3గా తీసుకుంటుంది. ఏడాదిని నాలుగు అంకెలుగా అడిగిన చోట 15 అని రాస్తే క్రీస్తుశకం 15వ సంవత్సరం అవుతుంది. ఎడిటర్ మూడో ఆర్గ్యుమెంట్‌గా 10 అనే నిడివి ఇస్తే అదీ ఆగుతుంది.

గట్టుమీదచెట్టు

హిడెన్ ఇన్‌పుట్‌ల దారి దయచేసి పట్టకండి. పేజీలో పెట్టిన ఏ విలువనైనా బ్రౌజర్ ముందు కూర్చున్న మనిషి మార్చగలడు, చేరిన తేదీని ఆధారం చేసుకుని సభ్యత్వ హక్కులు లెక్కిస్తే అది చిన్న విషయం కాదు. మీరు హిడెన్ ఇన్‌పుట్ పెట్టకపోయినా ప్రమాదం పోదు. సెట్టర్ ఉన్న ప్రతి ఫీల్డుకూ, పేజీలో గడి లేకపోయినా, రిక్వెస్ట్‌లో పారామీటర్ చేర్చి విలువ పంపవచ్చు. 2022 మార్చిలో బయటపడిన స్ప్రింగ్‌ఫోర్‌షెల్ లోపం ఈ బైండింగ్ దారిలోనే క్లాస్‌లోడర్ దాకా వెళ్లింది, 5.3.18, 5.2.20 వెర్షన్లలో దాన్ని సరిచేశారు.

అందువల్ల ఇనిట్‌బైండర్‌లో సెట్‌అలౌడ్‌ఫీల్డ్స్ ఇచ్చి, ఫారమ్‌లో ఉన్న ఫీల్డులను మాత్రమే అనుమతించండి. నిషేధించే జాబితా కన్నా అనుమతించే జాబితా ఎప్పుడూ నమ్మదగినది.

పాతసర్వ్‌లెట్ గారు చెప్పిన పద్ధతి పనిచేస్తుంది కానీ, నేనైతే ఎంటిటీ (డేటాబేస్ రికార్డుకు ప్రతిరూపమైన ఆబ్జెక్టు) మీద బైండింగే చేయను. మీ అప్లికేషన్‌లో ఓపెన్‌సెషన్‌ఇన్‌వ్యూ ఫిల్టర్ (పేజీ తయారయ్యేదాకా హైబర్నేట్ సెషన్‌ను తెరిచి ఉంచేది) ఉంటే, బైండింగ్ జరిగిన మెంబర్ హైబర్నేట్ సెషన్‌లోనే ఉంటాడు. ఆ తర్వాత వాలిడేటర్ ఫోన్ నంబరు ఇంతకుముందే ఉందేమో చూడటానికి మామూలు ట్రాన్సాక్షన్‌లో క్వెరీ నడిపితే, ఆ కమిట్‌తో పాటే మారిన మెంబర్ కూడా డేటాబేస్‌లోకి వెళ్లిపోవచ్చు. పేజీలో తప్పు చూపిస్తూనే తప్పు డేటా సేవ్ కావడమంటే అదే. ఫారమ్‌కు కావలసిన ఫీల్డులతో విడిగా మెంబర్‌ఫారమ్ క్లాస్ రాసి, వాలిడేషన్ నెగ్గాక సర్వీస్‌లో రికార్డు తెచ్చి ఆ విలువలు కాపీ చేస్తే ఈ రెండు భయాలూ ఉండవు.

కృష్ణాతీరం

అందరికీ ధన్యవాదాలు. ఆర్గ్యుమెంట్ల వరుస మార్చాను, రెండు మోడల్‌అట్రిబ్యూట్ మెథడ్‌లు రాశాను, అనుమతి జాబితా చేర్చాను. నల్‌లు ఆగాయి, తేదీ సందేశం తెలుగులో వస్తోంది, డ్రాప్‌డౌన్ నిండుతోంది. ఓపెన్‌సెషన్‌ఇన్‌వ్యూ ఫిల్టర్ ఉన్న మాట నిజమే, అందుకని మెంబర్‌ఫారమ్ క్లాస్‌కు మారే పని కూడా మొదలుపెడుతున్నాను. ఈలోగా కొత్తగా ఒకటి కనిపించింది: క్రియాశీల సభ్యుడు అనే చెక్‌బాక్స్‌లో టిక్ తీసేసి సేవ్ చేసినా, డేటాబేస్‌లో ట్రూగానే ఉంటోంది. ఆ చెక్‌బాక్స్ మామూలు హెచ్‌టీఎంఎల్ ఇన్‌పుట్.

పాతసర్వ్‌లెట్

టిక్ లేని చెక్‌బాక్స్‌ను బ్రౌజర్ అసలు పంపదు. ఇంతకుముందు కొత్త మెంబర్ తయారయ్యేది కాబట్టి బూలియన్ దానంతటదే ఫాల్స్‌గా ఉండేది. ఇప్పుడు డేటాబేస్ నుంచి వచ్చిన ట్రూను మార్చమని చెప్పే పారామీటర్ ఏదీ రావడం లేదు. స్ప్రింగ్ ఫారమ్ ట్యాగుల్లోని చెక్‌బాక్స్ వాడండి. అది ఫీల్డు పేరు ముందు అండర్‌స్కోర్ చేర్చిన హిడెన్ ఇన్‌పుట్‌ను తనే జోడిస్తుంది. అది వచ్చి అసలు ఫీల్డు రాకపోతే బైండర్ ఫాల్స్ నింపుతుంది. పాత కంట్రోలర్‌లో ఆన్‌బైండ్ మెథడ్ ఉంటే ఒకసారి చూడండి, ఈ పనిని ఎవరో అందులో చేత్తో రాసి ఉండవచ్చు. అనుమతి జాబితాలో అండర్‌స్కోర్ పేరు చేర్చనవసరం లేదు, ఆ జాబితాను తనిఖీ చేసే ముందే బైండర్ దాన్ని అసలు పేరుగా మార్చేస్తుంది.