కారంలో రంగు కలిపారని వాట్సాప్ వీడియో: ముందు ఎవరితో మాట్లాడాలి?

బ్రాడీపేట_కారం:
గుంటూరులో చిన్న కారం మిల్లు మాది. విజయవాడ, తెనాలి, చిలకలూరిపేట కిరాణా కొట్లకు 200 గ్రాములు, అరకిలో ప్యాకెట్లు వేస్తాం. నిన్నటి నుంచి అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక వీడియో తిరుగుతోంది. గ్లాసులో వంటనూనె పోసి, మా ప్యాకెట్లోంచి చెంచాడు కారం వేశారు. నూనె ఎర్రబడగానే "చూశారా, రంగు" అంటున్నారు. ప్యాకెట్ మీద పేరు బాగా కనపడుతోంది. బ్యాచ్ నంబరు సగమే కనపడుతోంది.

ఇద్దరు డీలర్లు సరుకు వెనక్కి తీసుకెళ్ళమన్నారు. ఒక విలేకరి ఫోన్ చేశారు, ఇంకా ఎత్తలేదు. లాయరు నోటీసు పంపుదామంటున్నారు. మా అబ్బాయేమో నీళ్ళ గ్లాసు పెట్టి ఎదురు వీడియో తీద్దామంటున్నాడు. మిల్లులో ఇద్దరు కుర్రాళ్ళు ఆ వీడియో తీసినాయన్ని తిడుతూ స్టేటస్‌లు పెట్టారు. ముందు ఏది చేయాలి?

బెజవాడ_పీఆర్:
ముందు ఆ విలేకరికి ఫోన్ చేయండి. వార్తలో "యజమాని అందుబాటులోకి రాలేదు" అని పడితే, జనం తప్పు ఒప్పుకున్నట్టే చదువుకుంటారు. జిల్లా పేజీలు సాయంత్రానికి సర్దేస్తారు కాబట్టి మధ్యాహ్నం లోపే మాట్లాడండి. చెప్పదలచింది కాగితం మీద రాసుకుని, అది చదివి, ఆపేయండి. "ఇది రాయకండి, మీకే చెప్తున్నా" అనే మాట అసలు వద్దు. పోటీవాళ్ళు చేయించారని అనుమానం ఉన్నా పైకి అనకండి. రుజువు లేకుండా పేరు ఎత్తితే పరువునష్టం దావా మీ మీదే పడుతుంది. యాడ్ ఇస్తారా అని అదే ఫోన్లో ఎవరైనా అడిగితే, ఆ సంగతి రిపోర్టు వచ్చాక చూద్దామనండి. రెండూ కలిపితే డబ్బిచ్చి వార్త ఆపించారన్న పేరు వస్తుంది.

తర్వాత గ్రూపులకు సందేశం. ఇలా ఉంటే చాలు:

"మా కారం గురించి తిరుగుతున్న వీడియో చూశాం. మేం మిరపకాయ తప్ప ఏమీ కలపం. వీడియోలో ఉన్న బ్యాచ్‌ను కొట్ల నుంచి వెనక్కి తెప్పించి ల్యాబ్‌కు పంపుతున్నాం. రిపోర్టు ఎలా వచ్చినా అన్ని పేజీలూ మీకు పంపుతాం. ఆ ప్యాకెట్ మీ ఇంట్లో ఉంటే కొన్న కొట్లోనే ఇచ్చి డబ్బు తీసుకోండి." కింద పేరు, ఫోన్ నంబరు, తేదీ, టైము.

ఇందులో "రంగు", "కల్తీ" అనే మాటలు లేవు చూడండి. వీడియో చూడనివాళ్ళకు ఆ ఆరోపణ మీ చేత్తో మీరే మోసుకెళ్ళి ఇవ్వక్కర్లేదు. అందుకే ఫేస్‌బుక్ పేజీలో ఇప్పుడే పెట్టొద్దు. వీడియో ఏ గ్రూపుల్లో తిరుగుతోందో ఆ గ్రూపులకే, అక్కడ సభ్యులుగా ఉన్న కొట్టువాళ్ళ ద్వారా పంపండి. రెండో వాక్యం మాత్రం నిజమైతేనే రాయండి. సీజన్లో ఆర్డర్లు ఎక్కువై బయట ఆడించిన పొడి కొని కలిపి ఉంటే, ఆ పొడికి మీరు పూచీ పడలేరు. అప్పుడు ఆ వాక్యం తీసేయండి.

వీడియో తీసినాయనకు విడిగా ఫోన్ చేసి, మర్యాదగా ఆ ప్యాకెట్ అడగండి. ఇస్తే పూర్తి బ్యాచ్ నంబరు దొరుకుతుంది. ఇవ్వకపోతే, అడిగిన మెసేజ్ మీ దగ్గర ఉంటుంది.

ల్యాబ్_మాట:
అబ్బాయిగారి వీడియో ఆపండి. నీళ్ళలో కరిగే రంగులైతే గ్లాసులో చారలు చారలుగా కిందికి దిగుతాయి. కారంలో అందరూ భయపడే సుడాన్ రంగులు (తిండిలో వాడకూడని పారిశ్రామిక రంగులు) నీళ్ళలో కరగవు, నూనెలో కరుగుతాయి. నీళ్ళ గ్లాసు వీడియో పెడితే, ఈ సంగతి తెలిసినవాడు ఒక్కడు కింద కామెంట్ రాస్తే మీ పని అయిపోయినట్టే.

అటువైపు వీడియోకూ విలువ లేదు. మిరపకాయ ఎరుపుకు కారణమైన క్యాప్సాంథిన్ కూడా నూనెలోనే కరుగుతుంది. ఆవకాయ జాడీలో పైకి తేలే ఎర్రటి నూనె అదే. అంటే మంచి కారమైనా, సుడాన్ కలిపిన కారమైనా నూనె ఎర్రబడుతుంది. కంటితో తేలే విషయం కాదు, హెచ్‌పీఎల్‌సీ (పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) లాంటి పరీక్ష చేయాల్సిందే. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపున్న ల్యాబ్‌లో సుడాన్ 1 నుంచి 4 వరకు విడివిడిగా చూడమని రాసివ్వండి. ఆ గుర్తింపు ఈ పరీక్షకు కూడా ఉందో లేదో డబ్బు కట్టేముందే అడగండి. స్పైసెస్ బోర్డు ల్యాబ్ గుంటూరులోనే ఉంది, మొదట అక్కడ వాకబు చేయండి.

చాలామంది పప్పులో కాలేసేది శాంపిల్ దగ్గర. మిల్లు నుంచి మీరే పొట్లం కట్టి పంపితే, "పార్టీ ఇచ్చిన శాంపిల్‌కు మాత్రమే" అని రిపోర్టులో వస్తుంది. దాన్ని ఎవరు నమ్ముతారు? కొట్లో అరల మీదున్న, సీలు విప్పని ప్యాకెట్లు తీయించండి. ల్యాబ్ మనిషి వచ్చి తీసుకుంటే మేలు. కుదరకపోతే కొట్టు యజమాని, ఇంకో బయటి మనిషి సంతకాలు పెట్టి సీలు వేయాలి. రిపోర్టు మీద బ్యాచ్ నంబరు, శాంపిల్ ఎక్కడ తీశారో ఉండాలి. మీ దగ్గర ప్రతి బ్యాచ్‌కూ పావుకిలో దాచిన శాంపిల్ ఉంటే దాన్ని ఇప్పుడు విప్పొద్దు.

ఈలోగా ఫుడ్ సేఫ్టీ అధికారి వచ్చినా కంగారు పడకండి. శాంపిల్‌ను నాలుగు భాగాలు చేస్తారు. ఒకటి ఫుడ్ అనలిస్టుకు వెళుతుంది. మీరు కోరితే ఒక భాగం గుర్తింపు పొందిన ల్యాబ్‌కు, మీ ఖర్చుతో. ఆ మాట శాంపిల్ తీసేటప్పుడే రాతపూర్వకంగా అడగాలి. అనలిస్టు రిపోర్టు మీకు వ్యతిరేకంగా వస్తే అప్పీలుకు 30 రోజుల గడువుంటుంది.

ఇంకో సంగతి. దుమ్ము లేవకుండా, మెరుపు కోసం ఆడించేటప్పుడు నూనె పట్టిస్తున్నారా? 2 శాతం దాకా అనుమతి ఉంది, కానీ ఏ నూనో, ఎంతో లేబుల్ మీద వేయాలి. అది వేయకుండా "మిరపకాయ తప్ప ఏమీ కలపం" అని పైన చెప్పిన సందేశం పంపితే, రంగు లేదని తేలినా అబద్ధం మిగులుతుంది.

ఆటోనగర్_లెడ్జర్:
పీఆర్ గారి క్రమంతో నాకు పేచీ ఉంది. విలేకరి కంటే ముందు మీ మిల్లు మనుషులు. రేపు పొద్దున మర వేయకముందు పావుగంట అందరినీ నిలబెట్టి చెప్పండి. హమాలీలు, వ్యాను డ్రైవర్లు తప్పకుండా ఉండాలి, ఎందుకంటే కొట్లో మొదట నిలదీసేది వాళ్ళనే. వాళ్ళకు ఒకే మాట నేర్పండి: "ల్యాబ్‌కు పంపామండీ, ఈ నంబరుకు ఫోన్ చేయండి." అంతకుమించి వాదన వద్దు.

అదే పావుగంటలో మీరు కూడా వినండి. వేరే లాటు కాయ కలిసిందా, తొడిమ తీయని కాయో తాలు కాయో ఎక్కువ పడిందా, మర కడగకుండా పసుపు తర్వాత కారం ఆడారా, ఇవన్నీ ప్యాకింగు దగ్గర ఉండేవాళ్ళకే తెలుస్తాయి. ఇప్పుడు నోరు విప్పినవాళ్ళ మీద చర్య ఉండదని చెప్పి, ఆ మాట మీద నిలబడండి. పని ఆగితే కూలి సంగతేంటో కూడా అప్పుడే తేల్చండి. మిల్లు మూసేస్తున్నారన్న పుకారు అక్కడే పుడుతుంది. స్టేటస్ పెట్టిన కుర్రాళ్ళను పక్కకు పిలిచి తీయించండి, నలుగురిలో తిట్టకండి. మీ తరఫున కోపపడ్డవాళ్ళు వాళ్ళు.

బ్యాచ్ నంబరు సగమే తెలుసు కాబట్టి, ఆ అంకెలతో సరిపోయే బ్యాచ్‌లన్నీ డీలర్ల దగ్గర నుంచి తెచ్చేయండి. రెండు వారాల సరుకంతా మాత్రం తేవద్దు, అలా తెస్తే అన్నిట్లోనూ తేడా ఉందని మీరే చాటినట్టు. ప్యాకెట్లు లెక్కపెట్టి, సంతకం తీసుకుని, క్రెడిట్ నోట్ ఇవ్వండి. తెచ్చిన సరుకు వేరే గదిలో "అమ్మకానికి కాదు" బోర్డు పెట్టి తాళం వేయండి. రిపోర్టు రాకముందు అందులో ఒక్క ప్యాకెట్ బయటికి వెళ్ళినా కథ మళ్ళీ మొదటికి వస్తుంది.

బెజవాడ_పీఆర్:
లెడ్జర్ గారు అన్నది సబబే, మనుషులకు ముందు చెప్పండి. విలేకరి ఫోన్ మాత్రం అదే రోజు మధ్యాహ్నం దాటకూడదు.

లాయరు నోటీసు ఇప్పుడొద్దు. దాని స్క్రీన్‌షాట్ రెండో వీడియో అవుతుంది. పరువునష్టం సంగతి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356లో ఉంది, రిపోర్టు చేతికొచ్చాక కూడా ఆ దారి తెరిచే ఉంటుంది. ఇప్పుడు చేయాల్సింది సాక్ష్యం దాచుకోవడం. వీడియో, అది వచ్చిన గ్రూపు, పంపిన నంబరు, తేదీ కనపడేలా స్క్రీన్ రికార్డు చేయండి, ఆ ఫోన్ మార్చకండి. కోర్టుకు వెళితే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ అడుగుతారు.

రిపోర్టు బాగా వచ్చాక "100 శాతం స్వచ్ఛం" అని పోస్టరు కొట్టించకండి. ఆహార పదార్థాల మీద ఆ మాట మానమని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) 2025 మేలో చెప్పింది. రిపోర్టు మొత్తం పేజీలు, కింద రెండు వాక్యాలు చాలు. వీడియో తీసినాయనకు అదే పంపి, తీసేయమని అడగండి.

ఒకవేళ చెడుగా వస్తే దాచే దారి వెతకొద్దు. అదే పూట ఆ బ్యాచ్ అమ్మకం పూర్తిగా ఆపి, లైసెన్సు ఇచ్చిన అధికారికి మీరే రాసి, ఆ కాయ లేదా పొడి ఏ లాటులో, ఎవరి దగ్గర కొన్నారో బిల్లులు జతచేయండి. మిర్చి యార్డు బిల్లులు, కోల్డ్ స్టోరేజీ రసీదులు ఇవాళే తీసి పక్కన పెట్టుకోండి.